ఆపరేషన్ బిల్లులో కనిపించిన ఇంజక్షన్, రోజూ రాత్రి వేసుకునే మాత్ర

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది విజయవాడ, సత్యనారాయణపురం. నాకు 29 ఏళ్లు, బరువు 58 కిలోలు, నాలుగేళ్ల బాబు ఉన్నాడు. పదకొండు రోజుల క్రితం సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో లాపరోస్కోపీలో గాల్‌బ్లాడర్ తీశారు. రెండేళ్లుగా గర్భం రాకుండా మాలా-ఎన్ మాత్రలు వాడుతున్నాను. ఆపరేషన్ రోజుకి షీటులో పన్నెండో మాత్ర. ఆ రాత్రి కూడా వేసుకున్నాను కానీ అరగంటలోనే వాంతి అయిపోయింది. మర్నాటి నుంచి ఒక్కటి కూడా మానలేదు. ఆరో రోజు మా ఆయనా నేనూ కలిశాం. తర్వాత ఇన్సూరెన్సు కోసం బిల్లు చూస్తుంటే అందులో ‘సుగమాడెక్స్ 200 మి.గ్రా. – 1’ అని ఉంది, ధర కూడా బాగా ఎక్కువ. నర్సింగ్ చదివే మా పిన్ని కూతురు అది చూసి ‘అక్కా, ఈ ఇంజక్షన్ చేస్తే పిల్స్ పనిచేయవంట కదా’ అంది. ఆసుపత్రిలో ఎవరూ నాకు ఒక్క మాట చెప్పలేదు. ఇప్పుడు ఐరన్ మాత్రల్లో రెండోది నడుస్తోంది, పీరియడ్ ఇంకా రాలేదు. నాకు గర్భం వచ్చి ఉంటుందా? ఈ మందు హార్మోన్లు మొత్తం పాడుచేస్తుందా? ఆపరేషన్ తర్వాత ఇచ్చిన యాంటీబయాటిక్స్ వల్ల కూడా పిల్స్ పనిచేయవంటున్నారు, నిజమేనా? పైగా వచ్చే నెల మా చెల్లికి గుంటూరులో అపెండిక్స్ ఆపరేషన్ ఉంది, తను బిడ్డకు పాలిస్తోంది, గర్భం రాకుండా అంతరా ఇంజక్షన్ వేయించుకుంటోంది. మా అత్తగారికి నేను మాత్రలు వాడుతున్న సంగతి తెలియదు, అందుకే ఎవర్నీ అడగలేక మీకు రాస్తున్నాను.

సమాధానం: అమ్మా, గర్భం వచ్చే అవకాశం చాలా తక్కువ. అసలు లేదని మాత్రం చెప్పను, ఎందుకు చెప్పనో కింద చెప్తాను. మీ హార్మోన్లు పాడవ్వలేదు. షీటు చివర ఉండే, హార్మోన్ లేని ఐరన్ మాత్రల్లో రెండో రోజుకి పీరియడ్ రాకపోవడం మామూలే, చాలామందికి మూడో రోజో నాలుగో రోజో వస్తుంది. కాబట్టి ముందు కాస్త కుదురుగా కూర్చుని చదవండి.

మీ పిన్ని కూతురు చెప్పిన మాటలో నిజం ఉంది, ఆ అమ్మాయి బాగా చదువుకుంటోంది. కాకపోతే ‘పిల్స్ పనిచేయవు’ అనేది చాలా పెద్ద మాట. కొద్ది రోజులు వాటిని పూర్తిగా నమ్ముకోకూడదు, అంతవరకే.

అసలు థియేటర్లో ఏం జరిగిందో చెప్తాను. గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కి మనిషిని నిద్రపుచ్చితే సరిపోదు, పొట్ట కండరాలు బిగుసుకుని ఉంటే సర్జన్ లోపల పనిచేయలేరు, గొంతులోకి ట్యూబు వేయడమూ కష్టమే. అందుకని మేము, అంటే మత్తు డాక్టర్లం, కండరాలను సడలించే మందు ఒకటి ఇస్తాం. ఊపిరి తీసుకునే కండరాలు కూడా సడలిపోతాయి కాబట్టి ఆపరేషన్ జరిగినంతసేపూ ఊపిరి మెషీనే అందిస్తుంది. ఆపరేషన్ అయ్యాక ఆ సడలింపు పూర్తిగా పోవాలి. కొంచెం మిగిలిపోయినా మనిషి ఊపిరి సరిగా అందక, మింగలేక, దగ్గలేక అవస్థ పడతారు. అందుకే ఆఖర్న దాన్ని తిప్పికొట్టే ఇంజక్షన్ ఇస్తాం.

ఈ పనికి ఎన్నో ఏళ్లుగా వాడుతున్నది నియోస్టిగ్మిన్, దానితో కలిపి గ్లైకోపైరోలేట్. ఇవి నరానికీ కండరానికీ మధ్య జరిగే రసాయన పనిని పెంచి కండరాన్ని మళ్లీ లేపుతాయి. వీటికి మీ మాత్రతో ఏ సంబంధమూ లేదు, హార్మోన్ జోలికే పోవు. మీకు ఇచ్చిన సుగమాడెక్స్ తీరు వేరు. అది నరం దగ్గరికీ పోదు, కండరం దగ్గరికీ పోదు. రక్తంలో తిరుగుతూ, సడలించే మందునే పట్టుకుని తనలో మూసేస్తుంది. ఎనిమిది చక్కెర అణువులు గుండ్రంగా చేరి చేసిన ఒక రింగు అది, మన గారెకు చిల్లు ఉన్నట్టు మధ్యలో ఖాళీ ఉంటుంది. రోకురోనియం, వెకురోనియం అనే సడలింపు మందులు ఆ చిల్లులో సరిగ్గా ఇరుక్కుంటాయి, ఇక బయటికి రాలేవు, రింగుతో పాటే మూత్రంలో పోతాయి. స్కాట్లాండ్‌లో ఆర్గనాన్ కంపెనీ ల్యాబులో ఆంటన్ బోమ్ అనే శాస్త్రవేత్త రోకురోనియంను కరిగించడానికి ఏదైనా దొరుకుతుందా అని వెతుకుతూ వెతుకుతూ దీన్ని కనిపెట్టారు. యూరప్‌లో 2008లో అనుమతి వచ్చింది, అమెరికాలో అలర్జీల గురించి అనుమానాలతో ఏళ్ల తరబడి ఆపి చివరికి 2015 డిసెంబరులో ఇచ్చారు. ఖరీదు ఎక్కువే, మీ బిల్లులో చూశారుగా. కానీ రెండు మూడు నిమిషాల్లో మనిషి గట్టిగా ఊపిరి తీసుకుని కళ్లు తెరుస్తుంటే ఆ డబ్బు వృథా అని నాకు ఎప్పుడూ అనిపించలేదు. మీ డాక్టరు మీకు మంచి మందే ఇచ్చారు, దాన్ని తప్పు పట్టకండి.

ఇప్పుడు మీ మాత్ర సంగతి. రోకురోనియం అణువు అస్థిపంజరం స్టెరాయిడ్ ఆకారంలో ఉంటుంది, అందుకే ఆ చిల్లులో అంత బాగా అమరుతుంది. మాలా-ఎన్‌లో రెండు హార్మోన్లు ఉంటాయి, లెవోనోర్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఎస్ట్రాడయాల్ 0.03 మిల్లీగ్రాములు. అండం విడుదల కాకుండా ఆపే పనిలో పెద్ద భారం మోసేది మొదటిది. దాన్ని ప్రొజెస్టోజెన్ అంటాం, అది కూడా స్టెరాయిడ్ కుటుంబానిదే. రోకురోనియంను పట్టుకున్నంత గట్టిగా కాకపోయినా రింగు దాన్ని కూడా కొంత పట్టుకోగలదు. కిలో బరువుకు 4 మిల్లీగ్రాముల చొప్పున సుగమాడెక్స్ ఇస్తే ఒంట్లో ప్రొజెస్టోజెన్ మూడో వంతు దాకా, లెక్కగా 34 శాతం, తగ్గవచ్చని తయారీదారు అంచనా కట్టారు. అంటే రోజూ వేసుకునే మాత్రను 12 గంటలు ఆలస్యంగా వేసుకున్నంత నష్టం. ఇది లెక్క కట్టి చెప్పిన అంచనా, మందు పెట్టెలో వచ్చే సమాచార చీటీలో కూడా అలాగే ఉంటుంది. జాగ్రత్త కోసం చెప్పేదేమిటంటే, ఆ రోజు నుంచి 7 రోజుల పాటు కండోమ్ లాంటి హార్మోన్ లేని పద్ధతి అదనంగా వాడాలి. మాత్రలు మాత్రం మామూలుగా వేసుకుంటూనే ఉండాలి.

మీ బిల్లులో 200 మిల్లీగ్రాముల సీసా ఒక్కటే ఉంది. సీసా మొత్తం మీకే ఎక్కించారనుకున్నా, మీ 58 కిలోలకు కిలోకు మూడున్నర మిల్లీగ్రాములు కూడా కాదు, పైన చెప్పిన అంచనాకు వాడిన మోతాదు కన్నా తక్కువే. పైగా ఈ మందు ఒంట్లో ఎక్కువసేపు ఉండదు. కిడ్నీలు బాగా పనిచేసేవాళ్లలో రెండు గంటలకు ఒకసారి సగానికి సగం తగ్గుతూ ఒక రోజులో దాదాపు మొత్తం మూత్రంలో పోతుంది. ఆపరేషన్ పొద్దున జరిగితే రాత్రి మాత్ర వేళకి ఒంట్లో మిగిలింది కొంచెమే.

నిజం చెప్పాలంటే మీ విషయంలో నాకు ఇంజక్షన్ కన్నా వాంతే ముఖ్యంగా కనిపిస్తోంది. మాత్ర వేసుకున్న రెండు మూడు గంటల్లోపు వాంతి అయితే ఆ మాత్ర లోపలికి పోనట్టే లెక్క. అప్పుడు షీటులో చివరి నుంచి ఇంకో తెల్ల మాత్ర, అంటే హార్మోన్ ఉన్న మాత్ర, తీసి వేసుకోవాలి, ఆపరేషన్ రాత్రి అదంతా ఎవరికి తడుతుంది? కాబట్టి కాస్త కఠినంగానే లెక్క వేద్దాం. ఇంజక్షన్ వల్ల ఒక మాత్ర, వాంతి వల్ల ఒక మాత్ర, వరసగా రెండు పోయాయనుకుందాం.

అయినా నేను ధైర్యం ఎందుకు చెప్తున్నానంటే, ఆ రెండూ షీటు మధ్యలో పోయాయి. అండాశయాన్ని నిద్రపుచ్చడానికి వరసగా ఏడు హార్మోన్ మాత్రలు కావాలి, మీరు అప్పటికే పదకొండు వేసేసుకున్నారు. అది బాగా నిద్రలో ఉన్నప్పుడు ఒకటి రెండు మాత్రలు తప్పితే వెంటనే లేవదు. మాత్రలు తప్పితే ఎక్కువ ప్రమాదం ఉండేది షీటు మొదట్లో, ఎందుకంటే అప్పటికే ఏడు రోజులు ఐరన్ మాత్రలే నడిచి అండాశయం సగం మెలకువలో ఉంటుంది. దాని పక్కనే తెల్ల మాత్రలు కూడా పోతే విరామం పెరిగి అండం విడుదల కావచ్చు. మీ ఆపరేషన్ షీటులో రెండో రోజునో మూడో రోజునో అయి ఉంటే నా మాటల్లో ఇంత నింపాదితనం ఉండేది కాదు. మీరు కలిసిన ఆరో రోజు ఆ ఏడు రోజుల గడువులోనే ఉంది, అందుకే ‘అసలు లేదు’ అనలేకపోతున్నాను. కానీ ముందు పదకొండు, తర్వాత రోజూ ఒకటి, సక్రమంగా వేసుకున్నారు. ఈ లెక్కన మీకు అత్యవసర మాత్ర కూడా అవసరం ఉండేది కాదు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ఐరన్ మాత్రలు పూర్తి చేయండి. పీరియడ్ వచ్చినా రాకపోయినా కొత్త షీటు అదే రోజు మొదలుపెట్టండి, ఒక్క రోజు కూడా జరపొద్దు. ఐరన్ వారం అయిపోయేలోపు పీరియడ్ రాకపోతే మెడికల్ షాపులో దొరికే కిట్‌తో పొద్దున్నే మొదటి మూత్రంతో పరీక్ష చేసుకోండి. అందులో ఏమీ లేదని వచ్చినా, మీరు కలిసిన రోజు నుంచి లెక్కపెట్టి మూడు వారాలు నిండాక ఇంకోసారి చేయండి, ఆ ఫలితాన్ని నమ్మవచ్చు. అందాకా మీకు మనశ్శాంతి కావాలంటే కండోమ్ వాడండి. ఒకవేళ, ఒకవేళ మాత్రమే, రెండు గీతలు వస్తే కంగారుగా ఏవో మాత్రలు కొనుక్కుని మింగకండి, గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. గర్భం అని తెలియక కొన్ని రోజులు ఈ మాత్రలు వేసుకున్నంత మాత్రాన బిడ్డకు హాని జరుగుతుందని తేలలేదు, ఆ భయం కూడా పెట్టుకోవద్దు.

ఇలాగే ఇరుక్కున్న ఇంకొకరు ఇది చదువుతుంటే వాళ్ల కోసం ఒక మాట. షీటు మొదటి వారంలో ఆపరేషన్ జరిగి, ఆ ఏడు రోజుల్లో జాగ్రత్త లేకుండా కలిసి ఉంటే ఆలస్యం చేయకండి. అయిదు రోజుల్లోపు కాపర్-టీ వేయించుకోవచ్చు, అన్నిటికన్నా బాగా పనిచేసేది అదే. అత్యవసర మాత్రయితే 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది.

హార్మోన్లు మొత్తం పాడవుతాయా అని అడిగారు. పాడవవు. మన ఒంట్లో తయారయ్యే కార్టిసాల్ లాంటి హార్మోన్లు కూడా స్టెరాయిడ్ ఆకారంలోనే ఉంటాయి కాబట్టి రింగు వాటినీ లాగేస్తుందేమో అన్న అనుమానం మొదటి నుంచీ ఉంది, శాస్త్రవేత్తలు దాన్ని పరీక్షించారు కూడా. రోకురోనియంతో పోలిస్తే వాటి మీద ఈ మందుకి ఉన్న పట్టు వందల రెట్లు తక్కువ. అదీ కాక మన హార్మోన్లు రక్తంలో తమ సొంత ప్రొటీన్లను పట్టుకుని తిరుగుతుంటాయి, ఒంటరిగా దొరకవు. ఒంట్లో ఒక రోజు ఉండి పోయే మందు నెలసరిని శాశ్వతంగా మార్చదు, బరువు పెంచదు, ముందు ముందు పిల్లలు కావాలనుకుంటే అడ్డూ రాదు. థైరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు, థైరాక్సిన్ స్టెరాయిడే కాదు, దానికి దీనితో పేచీ లేదు. ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు నెలలు పీరియడ్ అటూ ఇటూ అయితే దానికి ఆపరేషనే కారణం కావచ్చు. కోత, నొప్పి, ఉపవాసం, నిద్రలేమి, టెన్షన్, ఇవన్నీ కలిసి ఒంట్లో కార్టిసాల్ పెంచుతాయి. షుగర్ లేనివాళ్లకి కూడా ఆ ఒకటి రెండు రోజులు షుగర్ పెరగడం మేము తరచూ చూస్తాం. నెల మధ్యలో మాత్ర తప్పితే కాస్త మరకలా కనిపించడం కూడా మామూలే.

యాంటీబయాటిక్స్ గురించి ఊళ్లో అందరూ అనేదే మీరూ విన్నారు. ఆపరేషన్ తర్వాత మామూలుగా ఇచ్చేవి మాత్రను దెబ్బతీయవు. దెబ్బతీసేది టీబీకి వాడే రిఫాంపిసిన్, దాని కుటుంబం. యాంటీబయాటిక్ వల్ల వాంతులో విరేచనాలో బాగా అయితే మాత్రం మాత్ర ఒంటికి పట్టదు, అది వేరే కారణం. ఎక్కువమందికి తెలియనిది ఇంకొకటి ఉంది. వాంతులు రాకుండా కొన్నిసార్లు ఎప్రెపిటాంట్ అనే మందు ఇస్తారు, కీమోథెరపీ తీసుకునేవాళ్లలో ఎక్కువగా, కొన్నిచోట్ల ఆపరేషన్లకి కూడా. అది లివర్ మీద పనిచేసి గర్భనిరోధక హార్మోన్లను తొందరగా ఖర్చు చేయిస్తుంది, దానికి జాగ్రత్త వారం కాదు, నెల రోజులు. మీ బిల్లు ఎలాగూ చేతిలో ఉంది, ఆ పేరు ఉందేమో ఒకసారి చూడండి. వాంతులకే ఇచ్చే ఒండాన్‌సెట్రాన్ అని ఉంటే దానికీ మాత్రకూ సంబంధం లేదు.

‘ఎవరూ ఒక్క మాట చెప్పలేదు’ అన్నారే, ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. నేను గుంటూరులో మత్తు డాక్టరుగానే ఇన్నేళ్లు పనిచేశాను. ఆపరేషన్ ముందు రోజు మేము బీపీ, షుగర్, ఆయాసం అడుగుతాం, కట్టుడు పళ్లు ఉన్నాయా అని అడుగుతాం, రాత్రి ఎన్నింటికి తిన్నారని అడుగుతాం. ‘మందులేమైనా వాడుతున్నారా’ అని కూడా అడుగుతాం. ఆ ప్రశ్న అడిగేటప్పుడు మంచం పక్కన అత్తగారు నిలబడి ఉంటారు, మరిది ఫైలు పట్టుకుని ఉంటాడు, ఆడబిడ్డ ఫ్లాస్కు మూత తీస్తూ ఉంటుంది. మంచం మీది అమ్మాయి ‘ఏం లేవండీ’ అంటుంది. ఇంకేమనగలదు? పైగా మన వాళ్లకి గర్భం రాకుండా వేసుకునే మాత్ర మందుల లెక్కలోకే రాదు. పీసీఓడీకి, నెలసరి సరిగా రావడానికి ఇవే హార్మోన్ మాత్రలు వాడుతున్న పెళ్లికాని అమ్మాయిలయితే నోరే విప్పరు. నలుగురిలో అడిగితే నిజం రాదని తెలిసీ నలుగురిలోనే అడగడం మా తప్పు. మనుషుల్ని రెండు నిమిషాలు బయటికి పంపి, తలుపు వేసి, ‘అమ్మా, పిల్స్ కానీ, ఇంజక్షన్ కానీ, లోపల ఏదైనా సాధనం కానీ వాడుతున్నావా’ అని పేరు పెట్టి అడగాలి. అలా అడిగితే చెప్తారు, నేను చూశాను. అడగడానికి పట్టేది అర నిమిషం. డిశ్చార్జ్ కాగితం మీద ‘7 రోజులు కండోమ్ కూడా వాడాలి’ అని ఒక్క వరుస రాయడానికి అంత కూడా పట్టదు. ఆ వరుస మీ కాగితంలో లేనందుకు మా వృత్తి తరఫున నేను బాధపడుతున్నాను.

మా వాళ్లు అడగకపోతే మీరే చెప్పండి. అత్తగారి ముందు చెప్పలేకపోతే, థియేటర్ లోపలికి తీసుకెళ్లాక టేబుల్ మీద పడుకోబెట్టి చేతికి బీపీ పట్టీ కట్టే సమయంలో చెప్పండి, అక్కడ చుట్టాలెవరూ ఉండరు. ‘నేను పిల్స్ వాడుతున్నాను, నాకు సుగమాడెక్స్ ఇస్తే చెప్పండి’ అంటే చాలు. మీరు చెప్పారని మందు మార్చేయాలని లేదు. కొందరు డాక్టర్లు నియోస్టిగ్మిన్‌కి వెళ్తారు, కొందరు అట్రాక్యూరియం అనే వేరే సడలింపు మందు వాడతారు, అది స్టెరాయిడ్ ఆకారంలో ఉండదు కాబట్టి దాని మీద సుగమాడెక్స్ పనే చేయదు, ఇవ్వరు కూడా. కొందరు సుగమాడెక్సే ఇచ్చి వారం జాగ్రత్త చెప్తారు. ఊపిరి విషయంలో ఏది క్షేమమో వాళ్లనే తేల్చనివ్వండి. గర్భం ఉందేమో అన్న అనుమానం ఉన్నా తప్పకుండా చెప్పాలి. తొలి నెలల్లో గర్భాన్ని నిలబెట్టేది ప్రొజెస్టెరాన్, అది కూడా స్టెరాయిడే. అందుకని ఆ దశలో ఈ మందు వాడకపోవడమే మంచిదని ప్రసూతి మత్తు వైద్యులు సలహా ఇస్తున్నారు. రొమ్ము క్యాన్సర్‌కి టోరెమిఫీన్ వాడేవాళ్లు కూడా దాచకూడదు, అది రింగులోంచి రోకురోనియంను బయటికి నెట్టగలదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లలో ఈ మందు ఒంట్లోంచి త్వరగా పోదు, వాళ్ల లెక్క వేరే.

మీ అత్తగారి సంగతి మీ ఇంటి విషయం, చెప్పమనీ చెప్పొద్దనీ నేను అనను. మీ ఆయనకి మాత్రం ఇదంతా చదివి వినిపించండి. ఆ ఏడు రోజుల జాగ్రత్త ఆయన చేతుల్లోనే ఉండేది కదా.

చివరగా మీ చెల్లి. అంతరా మూడు నెలలకు ఒకసారి వేసే ప్రొజెస్టోజెన్ ఇంజక్షన్. మందు కండరంలోంచి రోజూ కొంచెం కొంచెం రక్తంలోకి వస్తుంటుంది కాబట్టి మాత్ర తప్పినప్పటి లెక్కలు దానికి వర్తించవు, కానీ సుగమాడెక్స్ ఇస్తే తనకు కూడా అదే 7 రోజుల నియమం. చేతిలో ఇంప్లాంట్ ఉన్నవాళ్లకీ అంతే. హార్మోన్ ఉన్న లూప్ ఎక్కువగా గర్భసంచిలోనే పనిచేస్తుంది, అయినా మందు సమాచార చీటీ ప్రకారం ఆ వారం జాగ్రత్త పడటం మేలు. రాగి కాపర్-టీకి ఏ ఇబ్బందీ లేదు. పాలివ్వడం గురించి భయపడొద్దని చెప్పండి. ఈ మందు పాలలోకి వచ్చినా బిడ్డ కడుపులోంచి ఒంటికి పట్టేది చాలా తక్కువ, పూర్తిగా మెలకువ వచ్చి బిడ్డను సరిగా పట్టుకోగలిగితే పాలివ్వొచ్చు. అంతరా కార్డు మీద తర్వాతి డోసు తేదీ రాసి ఉంటుంది, ఆపరేషన్ హడావుడిలో ఆ తేదీ దాటిపోకుండా చూసుకోమనండి. కార్డు ఫోటో తీసి ఫోనులో పెట్టుకుని, మత్తు డాక్టరు ముందు రోజు చూడటానికి వచ్చినప్పుడు ఆ ఫోటో చూపిస్తే నోటితో చెప్పాల్సిన పని కూడా ఉండదు.